బరువంతా దారంలోనే

వానకాలంలో చెరువు నిండి మత్తడి దుంకితే సిరికొండ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దలూ పిల్లలూ వలలు, గంపలు పట్టుకొని అక్కడికి చేరతారు. కొత్త నీరు తగిలిందంటే జెల్లలు, పరకలు, కొర్రమట్టలు ఆగవు. గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ కప్పలవాగు పొడవునా ఎదురెక్కుతాయి. ఇదే పనిని వందల కిలోమీటర్ల దూరం చేసే చేప సాల్మన్. అది చల్లటి నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన నదికే తిరిగి వస్తుంది. అమెరికాలో సియాటిల్ దగ్గరున్న ఇస్సక్వా ఊళ్లో సాల్మన్ పిల్లల్ని పెంచే హేచరీ ఉంది. ఏటా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అక్కడి వాగులో ఎదురెక్కే సాల్మన్లను చూడటానికి జనం బారులు తీరతారు. ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. చూడటంతో ఆగక, నదిలోకి దిగి గాలం వేయాలన్న కోరిక పుట్టినవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కుముడి దారం. అంగడిలో పదుల రకాలుంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో అంకె. ఏది కొనాలి?

మనం వేసే గాలంలో దారానికి బరువుండదు. కొక్కేనికి గుచ్చిన ఎర్ర, దానిపైన కట్టిన సీసపు ముక్క ముందుకు దూకుతాయి. దారం వాటి వెంట పోతుంది. సాల్మన్ కోసం అక్కడ చేసే ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతిలో ఇది తలకిందులవుతుంది. ఈకలు, బొచ్చు, మెరుపు దారం కొక్కేనికి చుట్టి తయారుచేసే నకిలీ ఎరను ఫ్లై అంటారు. దాని బరువు కొద్దిపాటి గాలికి కొట్టుకుపోయేంతే. చేత్తో విసిరితే నాలుగడుగులు కూడా పోదు. అందుకే బరువును దారంలోనే పెట్టారు. విసురువల అంచున సీసపు గుండ్లు చేసే పనిని ఇక్కడ దారమే తన పొడవునా చేస్తుంది. కర్ర వంగి శక్తిని దాచుకోవాలన్నా, ఆ శక్తి నీటి మీదుగా అవతలికి చేరాలన్నా దారపు బరువే ఆధారం.

మామూలు ఫ్లై ఫిషింగ్‌లో దారాన్ని మొదట వెనక్కి పూర్తిగా చాచి, తర్వాత ముందుకు విసురుతారు. వెనక చెట్లుంటే కొక్కెం కొమ్మకు తగులుకుంటుంది. స్కాట్లండ్‌లో స్పే నది ఒడ్డున సరిగ్గా ఇదే ఇబ్బంది. నిటారు గట్లు, వాటి మీద చెట్లు. అక్కడి జాలరులు 19వ శతాబ్దంలో దీనికి కనిపెట్టిన ఉపాయానికి ఆ నది పేరే నిలిచింది. రెండు చేతులతో పట్టుకునే 12 నుంచి 15 అడుగుల కర్రతో, నీటిలో చాచి ఉన్న దారాన్ని నెమ్మదిగా లేపి తన పక్కకు తెస్తారు. దారపు కొస మాత్రం నీటిని అంటుకొనే ఉంటుంది. మిగతా భాగం కర్ర వెనక గాలిలో ఇంగ్లిష్ అక్షరం డి లాగా ఉబ్బుతుంది. నీరు కొసను పట్టి ఉంచుతుంది కాబట్టి, కర్రను ముందుకు తోసిన క్షణంలో ఆ ఉబ్బు బరువుకు కర్ర వంగుతుంది. ఆ వెంటనే దారం చుట్ట విప్పుకుంటూ నది మీదుగా దొర్లుకుపోతుంది. చుట్ట విప్పుకునేకొద్దీ కదిలే భాగం చిన్నదవుతుంది. మిగిలిన శక్తి ఆ కొంచెం బరువులోకే చేరడంతో కొస చాలా దూరం వరకు వేగం కోల్పోదు. దారాన్ని చివరికి సన్నబడేలా చేయడం వెనక శాస్త్రమిదే.

తుమ్మచెట్లు కమ్మేసిన మన చెరువు కట్టల మీద నిలబడి చూస్తే స్పే జాలరి కష్టం సులువుగా అర్థమవుతుంది. ఇంకో చుట్టరికం కూడా ఉంది. 19వ శతాబ్దంలో అమెరికాలో చీల్చి అతికిన వెదురు కర్రలు చేసినవాళ్లు మొదట వాడింది మన దేశపు వెదురునే. కలకత్తా రేవు నుంచి వెళ్లింది కాబట్టి దాన్ని కలకత్తా వెదురు అన్నారు. నిపుణులు దాన్ని సాధన వెదురుగా గుర్తిస్తారు. తెలంగాణ ఆకురాల్చే అడవుల్లో విరివిగా పెరిగే జాతి అదే.

ఇక దారం ఎంపికకు వస్తే, మొదట వదిలేయాల్సింది కర్ర మీది నంబరు మీద గుడ్డి నమ్మకం. 1961లో అమెరికా గాలం సామగ్రి తయారీదారుల సంఘం దారాలకు కొలమానం పెట్టింది. మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు, అంటే దాదాపు 13.6 గ్రాములు తూగితే అది 8 నంబరు దారం. ఇది ఒంటి చేతి కర్రల కోసం చేసిన లెక్క. రెండు చేతుల స్పే కర్ర మీద అదే 8 ఉన్నా, దానికి కావాల్సిన దారం 500 నుంచి 600 గ్రెయిన్లు ఉంటుంది. రెట్టింపు కంటే ఎక్కువ! నంబరు చూసి దారం కొన్నవాళ్ల కర్ర వంగదు, దారం పోదు, తప్పు తమ చేతిదేననుకొని బాధపడతారు. స్పే దారం కొనేటప్పుడు అడగాల్సింది ఎన్ని గ్రెయిన్లు, ఎంత పొడవు అనే రెండే ప్రశ్నలు.

పొడవు ఎందుకంటే, ఈ దారాల్లో బరువంతా హెడ్ అనే ముందు భాగంలో ఉంటుంది. దాని వెనక సన్నటి రన్నింగ్ లైన్ జారుతూ పోతుంది. పాతకాలపు స్పే దారాల్లో హెడ్ 55 అడుగులు దాటి ఉంటుంది. విశాలమైన నదిలో, సాధన ఉన్న చేతుల్లో అది చూడముచ్చటగా పోతుంది. కానీ అంత పొడవును లేపి డి ఆకారంలో మలచాలంటే ఏళ్ల అనుభవం, వెనక చోటు రెండూ కావాలి. కొత్తవాళ్లకు అది వద్దనే చెబుతాను.

స్వీడన్‌కు చెందిన యోరాన్ ఆండర్షన్ కింది చేతిని ఎక్కువగా వాడే విసురును ప్రచారంలోకి తెచ్చాడు. దానికి తగినట్టు వచ్చినవే స్కాండి దారాలు. 30 నుంచి 40 అడుగుల హెడ్, బరువు వెనక వైపు, ముందు భాగం పొడవుగా సన్నబడుతూ పోతుంది. కొస నీటిని అలా తాకి వెంటనే లేస్తుంది, చప్పుడు తక్కువ. నీరు వెచ్చబడి చేప పైకి లేచే రోజుల్లో, తేలికపాటి ఫ్లైతో దీనికి సాటి లేదు. అయితే కొసన బరువు కడితే ఆ సన్నటి ముందు భాగం దాన్ని మోయలేదు.

చలికాలంలో వాషింగ్టన్ రాష్ట్రపు స్కాజిట్ నదిలో సరిగ్గా ఆ బరువే అవసరమైంది. సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన స్టీల్‌హెడ్ కోసం ఎడ్ వార్డ్ లాంటివాళ్లు అక్కడ 20 నుంచి 25 అడుగుల పొట్టి, లావు హెడ్‌లను రూపుదిద్దారు. ముందు భాగం సన్నబడదు, మొండిగా ఉంటుంది. దాని కొసకు మునిగే టిప్ కడతారు. టి-14 అనే రకం అడుగుకు 14 గ్రెయిన్లు తూగుతుంది. పది అడుగుల ముక్కలో 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. ఆ ముక్క నీటిలో ఉండగా దారాన్ని ఆపి, నీటి పట్టుతోనే కర్రను వంచి విసురుతారు. 8 నంబరు కర్రకు స్కాండి హెడ్ 520 గ్రెయిన్ల ప్రాంతంలో సరిపోతే, స్కాజిట్ హెడ్ 570 పైన ఉండాలి. స్కాజిట్‌లో చప్పుడెక్కువ, అందం తక్కువ అంటారు. లోతున పడుకున్న చేప ముందుకు ఫ్లైని చేర్చడమే అక్కడి పని, ఆ పని అది చేస్తుంది.

తేలడం, మునగడం పూతలో ఉంది. నైలాన్ దారం మీద ప్లాస్టిక్ పూత పూసి, అందులో కంటికి కనబడనంత చిన్న గాజు బుడగలు కలిపితే దారం నీటికంటే తేలికై తేలుతుంది. బుడగల బదులు టంగ్‌స్టన్ పొడి కలిపితే మునుగుతుంది. ఎంత కలిపారన్నదే మునిగే వేగాన్ని నిర్ణయిస్తుంది.

లోతుకు ఇంత పట్టింపు ఎందుకన్నది చేప కడుపులో ఉంది. నదిలోకి తిరిగి వచ్చిన సాల్మన్ దాదాపు తిండి మానేస్తుంది. ఆకలి లేని చేప ఫ్లై కోసం దూరం రాదు, చికాకుతోనో పాత అలవాటుతోనో పక్కన పోయేదాన్ని కరుస్తుంది. నీరు చల్లగా ఉంటే అసలు కదలదు. కాబట్టి నదిలో దిగేముందు చూసుకోవాల్సినవి వెనక ఉన్న చోటు, నీటి చలి, గుండం లోతు. దారాన్ని ఈ మూడే ఎంచి పెడతాయి.

వాషింగ్టన్‌లో 15 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ తప్పనిసరి, పట్టి ఉంచుకున్న సాల్మన్‌ను కార్డులో రాయాలి. వీపు మీద తోక వైపు ఉండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప. రెక్క ఉన్నదాన్ని అడవి చేపగా లెక్కిస్తారు, దాన్ని చాలా నదుల్లో వదిలిపెట్టాల్సిందే. ఆ ప్రాంతపు చినూక్ సాల్మన్ 1999 నుంచీ, స్టీల్‌హెడ్ 2007 నుంచీ ముప్పున్న జాతుల జాబితాలో ఉన్నాయి. నిబంధనలు నదిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి బయల్దేరేముందు ఆ రోజువి చూసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 13 అడుగుల కర్ర, దాని తయారీదారు చెప్పిన గ్రెయిన్ల స్కాజిట్ హెడ్ ఒకటి కొనుక్కోండి. తేలే టిప్ ఒకటి, మెల్లగా మునిగేది ఒకటి, టి-11 ఒకటి చాలు. స్కాండి రెండో ఏడు కొనుక్కోవచ్చు.