అయిదవ టైరులో గాలి ఉన్నదా?

ప్రయాణానికి ముందు దుఆ చదవటం మన ఇళ్ళలో పసిపిల్లలకు సైతం అలవాటే. కానీ వాహనం కదలక ముందు టైర్లలో గాలి ఎంత ఉన్నదో చూసుకునే ఇళ్ళు ఎన్ని? ఈ ప్రశ్నను పాఠకులకంటే ముందు మేము మాకే వేసుకోవలసి వచ్చింది.

గత వేసవిలో బంధువుల ఇంట వలీమా విందు కోసం ఫజ్ర్ నమాజు ముగించుకొని కర్నూలు నుండి హైదరాబాదుకు కారులో బయలుదేరాము. వెంట వృద్ధురాలైన అత్తగారు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. జడ్చర్ల ఇంకా కొంత దూరముందనగా వెనుక టైరు మెత్తబడింది. దిగి చూస్తే మేకు గుచ్చుకొని ఉన్నది. స్టెప్నీ ఉన్నదిలే అన్న ధీమాతో డిక్కీ తెరిచాము. తీరా చూస్తే అందులోనూ గాలి లేదు! లారీలు దూసుకుపోతున్న రహదారి అంచున పిల్లల చేతులు పట్టుకొని అరగంటసేపు నిలబడ్డాము. చివరకు కూరగాయల వ్యాను నడిపే యువకుడొకడు ఆగి, తన సీటు కింద నుండి చిన్న గాలి యంత్రం బయటికి తీశాడు. "స్టెప్నీల గాలి సూస్కోకుండ ఎట్ల బయల్దేరిండ్రు మౌల్వీసాబ్?" అని అడిగాడు. మా వద్ద సమాధానం లేదు. కొద్ది నిమిషాలలోనే స్టెప్నీ నిండింది. డబ్బు ఇవ్వబోతే అతడు పుచ్చుకోలేదు.

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ అతిగా వంగుతుంది. ఆ వంపు వలన లోపల వేడి పుడుతుంది. దానికి వేసవి ఎండ, వేగం, మోయలేని బరువు తోడైతే టైరు పగిలే ప్రమాదం పెరుగుతుంది. మేకు దిగకపోయినా, మంచి టైరు కూడా నెలకు సుమారు 1 పీఎస్ఐ చొప్పున గాలి కోల్పోతుంది. కనుక ఏళ్ళ తరబడి ముట్టుకోని స్టెప్నీ ఖాళీ అయితే ఆశ్చర్యమేమున్నది?

ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన కాగితం చెబుతుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 నుండి 35 పీఎస్ఐ వరకు ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన సంఖ్య గరిష్ఠ పరిమితి మాత్రమే. దానిని ప్రమాణంగా తీసుకోరాదు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచి వేడెక్కిన టైరులో పీడనం ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి గాలి తీసివేయరాదు.

చిన్న గాలి యంత్రాలు రెండు రకాలు. కారులోని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించేవి ఒక రకం. ఇంజను నడుస్తుండగా వీటిని వాడితే బ్యాటరీ దిగదు. వాటి తీగ వెనుక టైరు వరకు అందుతుందో లేదో కొనేటప్పుడే చూడాలి. రెండవ రకం ఛార్జింగువి. వీటిని ఛార్జి చేయటం మరిస్తే అక్కరకు రావు. మండుటెండలో మూసిన కారులో వదిలినా వాటి బ్యాటరీ దెబ్బతింటుంది. ఏ రకమైనా పది, పదిహేను నిమిషాలు ఆగకుండా నడిస్తే బాగా వేడెక్కుతుంది. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, పిల్లలను తాకనివ్వరాదు.

ఈ యంత్రం గాలి నింపుతుందే గాని పంక్చరు బాగుచేయదు. మేకు దిగితే దానిని పెరకకుండా గాలి నింపి, నిదానంగా దగ్గరి పంక్చర్ షాపుకు చేరుకోవచ్చు. టైరు పక్కభాగం చిరిగితే మాత్రం దీనితో ప్రయోజనం లేదు.

కొత్త కారు కొనేవారు మరొక సంగతి గమనించాలి. 2020లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి పీడనాన్ని తెలిపే ఏర్పాటు, టైరు మరమ్మతు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అటువంటి కార్లకు ఆ కిట్టే ఆధారం. దానిని వాడటం ఇంటి ముందే ఒకసారి నేర్చుకోవాలి. నడిరోడ్డు మీద, చీకటిలో నేర్చుకునే విద్య కాదది.

ఇప్పుడు మా ఇంటి కారులోనూ ఒక గాలి యంత్రం ఉన్నది. నెలకొకసారి టైర్లు చూసే పని ఇంటి పిల్లలకే అప్పగించాము. మా వీధిలో ఎవరి స్కూటరు, ఎవరి సైకిలు మెత్తబడినా అది వారి గుమ్మానికి వెళుతుంది. ఆ యువకుడు తీసుకోని డబ్బును ఇలా తీర్చుకుంటున్నాము.