పాసువర్డు మఱచిన కంప్యూటరును తెఱచుట

మన సంఘముల లెక్కలు చిఠ్ఠా, ఆవర్జా పుస్తకములనుండి కంప్యూటరులోనికి మారుచున్నవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటరు లెక్కలు నెలకొల్పుటకై కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ మాసమున 2,516 కోట్ల రూపాయల పథకము నొకదానిని మంజూరు చేసెను. ఇనుపపెట్టె తాళపుచెవి పోయినచో కమ్మరిని పిలిచి తెఱపించవచ్చును. కంప్యూటరు తాళపుచెవి, అనగా పాసువర్డు, ఒక మనుష్యుని జ్ఞాపకమునందే యుండును. గుమాస్తా దానిని మఱచెననుకొనుడు. సార్వా నాట్లకు అప్పు కోరివచ్చిన రైతులు అరుగుమీద కూర్చుండియుందురు.

మొదట నా సంగతి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట రెండు మాసములు గ్రామములలో తిరిగి వచ్చి నా కంప్యూటరు ముందు కూర్చుండగా పాసువర్డు జ్ఞప్తికి రాలేదు. పట్టణములో ఒక దుకాణమువానికి యంత్రము నిచ్చితిని. సాయంకాలమునకు తెఱచి యిచ్చెను. కాని మూడేండ్లుగా సభ్యుల చేలలో తూచి వ్రాసికొనిన దిగుబడి లెక్కలు అందులో లేవు. నేను కోరినది తెఱచుట, అతడు చేసినది కడిగివేయుట. లోపల నేమున్నదో అతడడుగలేదు, నేను చెప్పలేదు. ఆ దినమున నాకు తెలియనివి ఇపుడు వ్రాయుచున్నాను. ఇవి విండోస్ 10, విండోస్ 11 గల యంత్రములకు వర్తించును.

పాసువర్డు పనిచేయనపుడెల్ల మఱపే కారణము కాదు. పెద్ద అక్షరముల మీట, అనగా క్యాప్స్‌లాక్, నొక్కబడి యున్నదేమో చూడవలెను. తెలుగులో ఉత్తరములు టైపుచేయు సంఘములలో మఱియొక చిక్కు కలదు. కీబోర్డు తెలుగునకు మార్చబడి యున్నచో అవే మీటలు నొక్కినను వేఱు అక్షరములు పడును. తెర క్రిందిభాగమున కుడివైపు భాషగుర్తును చూచి ఇంగ్లీషునకు మార్చుడు. గడి ప్రక్కనున్న కన్ను బొమ్మను నొక్కిపట్టినచో మీరు కొట్టిన అక్షరములు కనబడును. తోచినదెల్ల వెంటవెంట కొట్టరాదు. పలుమార్లు తప్పినచో యంత్రము కొంతసేపు ఎవరిని రానీయదు.

పాత పాసువర్డును యంత్రమే చెప్పరాదా యని పలువురడుగుదురు. చెప్పలేదు, ఏలయన దానికిని తెలియదు. 1961లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కార్బటో బృందమువారు కంప్యూటరునకు పాసువర్డు పెట్టిననాడు వాటినన్నిటిని ఒక పట్టీగా లోపలనే యుంచిరి. మరుసటియేడు అలన్ షెర్ అను పరిశోధకుడు, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, ఆ పట్టీనంతయు అచ్చువేయించుకొని ఇతరుల కాలమును వాడుకొనెను. నేటి యంత్రములు పాసువర్డును పిండికొట్టి ఆ పిండిని మాత్రమే దాచును. మీరు మఱల కొట్టినపుడు దానినిగూడ పిండిచేసి రెండును పోల్చును. పిండినుండి బియ్యము రాదు గదా. కావున పాతది దొరకదు, క్రొత్తది పెట్టుకొనవలసినదే.

అందులకు మార్గము ఖాతానుబట్టి యుండును. తెరమీది పేరుతో ఈమెయిలు చిరునామా ముడిపడియున్నచో అది మైక్రోసాఫ్టు ఖాతా. చేతిఫోనులోనైనను ఆ కంపెనీ సైటు తెఱచి పాసువర్డు మఱచితినని చెప్పినచో, ముందు వ్రాయించిన ఫోను నంబరుకో మఱియొక ఈమెయిలునకో సంకేతాంకెలు వచ్చును. వాటినిచ్చి క్రొత్త పాసువర్డు పెట్టి, కంప్యూటరును ఇంటర్నెట్టునకు కలిపి, దానితో ప్రవేశింపవలెను. చవుక రీచార్జికై సిమ్ము మార్చి పాత నంబరునే ఖాతాలో ఉంచినవారు ఇక్కడ చిక్కుకొందురు. ఈ అంకెలను ఫోనుచేసి అడిగిన వానికెవనికిని చెప్పరాదు. చెప్పి మోసపోయినవారు వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను.

ఈమెయిలుతో ముడిలేనిది స్థానిక ఖాతా. ఒకమారు తప్పు పాసువర్డు కొట్టగానే గడి క్రింద దానిని మార్చుకొను మాట కనబడును. నొక్కినచో, ఖాతా పెట్టిననాడు ఇచ్చిన మూడు ప్రశ్నల జవాబులను అడుగును. ఈ వసతి 2018 నుండి కలదు. అంతకంటె నమ్మదగినది పెన్‌డ్రైవుమీద ముందే చేసియుంచుకొను రీసెట్ డిస్కు. తరువాత పాసువర్డు ఎన్నిసార్లు మార్చినను అదే పనిచేయును. అదే యంత్రమందు అధికారముగల రెండవ ఖాతా యున్నచో దానినుండియు మార్చవచ్చును. కాని ఆ విధముగా మార్చినపుడు విండోస్ స్వయముగా గూఢలిపిలో దాచిన ఫైళ్లు తెఱచుకొనకపోవచ్చును.

ఇవేవియు లేనివారికి మిగిలినది యంత్రమును కడిగి క్రొత్తగా నెలకొల్పుట. అందరును మొదట చేయుచున్నది, కడపట చేయవలసినది ఇదియే. ముందుగా డిస్కును వేఱొక కంప్యూటరునకు తగిలించి ఫైళ్లు నకలు తీయించుడు. డిస్కు బిట్‌లాకరు తాళములో నున్నచో 48 అంకెల తాళపుసంఖ్య లేనిదే అదియు సాగదు. యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో ఆ సంఖ్య భద్రమైయుండుట కలదు, అక్కడ వెదుకుడు. దుకాణమున కిచ్చునపుడు, ఫైళ్లు తీయకుండ కడుగరాదని కాగితముమీద వ్రాసి యిచ్చుట మేలు.

పైన చెప్పిన పథకపు లెక్కలు దూరముననున్న సర్వరులో నుండును గావున, గదిలోని యంత్రము మొరాయించినంత మాత్రమున సభ్యుని అప్పుఖాతా చెడదు. తీర్మానముల నకళ్లు, ఎరువుల నిలువ పట్టీలు, ఉత్తరములు ఆ యంత్రమందే యుండవచ్చును, వాటికే భయము.

కార్యదర్శి మారునపుడు చార్జి పట్టీలో తాళపుచెవులు, నగదు నిలువ వ్రాయుదురు గాని పాసువర్డు మాట వ్రాయరు. దానిని, 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి కవరులో మూసి, అధ్యక్ష కార్యదర్శులు అతుకుమీద సంతకములు చేసి, రీసెట్ డిస్కుతో కూడ ఇనుపపెట్టెలో నుంచవలెను. కవరు తెఱచిన దినము మినిట్సులో చేరవలెను. ఆనాడే పాసువర్డు మార్చి క్రొత్త కవరు పెట్టవలెను.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు నేను వచ్చెదను. ఇంట కంప్యూటరుగల సభ్యులు దానితోపాటు ఒక ఖాళీ పెన్‌డ్రైవు తెచ్చినచో, స్థానిక ఖాతా గలవారికి రీసెట్ డిస్కును వారిచేతనే చేయించెదను. తక్కినవారి ఖాతాలో ఏ ఫోను నంబరున్నదో చూచి, పాతదైనచో మార్పించెదను.