ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరుచుకోకపోతే: అపోహలు – వాస్తవాలు

బాల్కొండ చుట్టుపక్కల పండిన పసుపు నిజామాబాద్ యార్డులో అమ్ముడయ్యాక ఆ లెక్కలు కంప్యూటర్‌కెక్కుతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడే వ్యాపారులు లెక్కలను ఒకచోటి నుంచి మరోచోటికి, సమాచారాన్ని ట్యాగులనే గుర్తుల మధ్య రాసే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా పంపుకోవచ్చు. ఆ ఫైలు ఎక్కకపోతే బిల్లులన్నీ మళ్లీ కొట్టాల్సిందేనని బెంబేలెత్తుతారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

అపోహ: ఫైలును తీసుకోలేదంటే లెక్కలన్నీ పోయినట్టే.
వాస్తవం: వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1998లో ఆమోదించిన ఎక్స్‌ఎంఎల్ నిబంధనల ప్రకారం, నిర్మాణంలో తప్పు ఎదురైతే ఫైలును చదివే ప్రోగ్రాం (పార్సర్) మామూలు పని ఆపేయాలి. ఆగింది చదవడమే. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పేర్లు, అంకెలు చాలావరకు అలాగే కనిపిస్తాయి.

అపోహ: పార్సర్ చూపిన లైనులోనే తప్పుంటుంది.
వాస్తవం: అది తప్పు బయటపడిన చోటు మాత్రమే. 40వ లైనులో ముగించని ట్యాగు సంగతి 900వ లైనులో తేలవచ్చు. అక్కడి నుంచి పైకి వెతకాలి. మొదటి తప్పు దిద్ది మళ్లీ పరీక్షిస్తే, దాని వెంట పుట్టిన మిగతావీ తరచుగా పోతాయి.

అపోహ: తెలుగు పేర్లు రాస్తే ఫైలు చెడుతుంది.
వాస్తవం: ఎక్స్‌ఎంఎల్‌కు పునాది యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచే ఉంది. ఫైలు మొదట్లో ప్రకటించిన అక్షర సంకేత పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్ ఒకటి, సేవ్ చేసింది మరొకటి అయితేనే చిక్కు. దుకాణం పేరులోని '&' గుర్తు కూడా తరచూ ఇబ్బంది పెడుతుంది. దాని వెంటనే ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఏ, ఎం, పీ, ఆపై సెమీకోలన్ ఉండాలి.

అపోహ: వెబ్‌పేజీ బాగానే కనిపిస్తే అందులో తప్పుల్లేవు.
వాస్తవం: హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగులు తప్పినా బ్రౌజర్ సర్దుకుని చూపిస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ సర్దుబాటు లేదు. ఎక్స్‌ఎంఎల్‌లింట్ వంటి ఉచిత సాధనంతో ఫైలును పరీక్షించాలి.

అపోహ: పార్సర్ ఒప్పుకుంటే లెక్క సరైనదే.
వాస్తవం: పార్సర్ చూసేది నిర్మాణాన్నే. 21 క్వింటాళ్లు 12గా పడినా అది అభ్యంతరం చెప్పదు. రైతుకు అందాల్సిన డబ్బు ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

అందుకే దిద్దే ముందు అసలు ఫైలుకు నకలు తీసి దాచండి. దిద్దాక మొత్తం తూకాన్ని, మొత్తం సొమ్మును బిల్లులతో సరిచూసుకోండి. ఆ పని మాత్రం మనిషే చేయాలి.