ప్రశ్నల కవరుకూ న్యాయం కావాలి

ధాన్యం కాటా వేసేటప్పుడు తూకం మీద కన్నేసి ఉంచే రైతును ఎవరూ అనుమానపు మనిషి అనరు. ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాల్లో చేపలు పట్టినరోజు చెరువు గట్టున కాటా దగ్గరే నిలబడే యజమానినీ ఎవరూ తప్పుపట్టరు. కష్టం అతనిది. తప్పుడు త్రాసు దేవునికి గిట్టదని సామెతల గ్రంథమూ చెబుతోంది (11:1). మరి వాక్యం శ్రద్ధగా చదివి బైబిల్ క్విజ్‌కు వచ్చిన హైస్కూలు పిల్లల కష్టాన్ని తూచేటప్పుడు మనం ఎందుకంత నిర్లక్ష్యంగా ఉంటాం?

వేసవిలో వి.బి.ఎస్. ముగింపు రోజున, క్రిస్మస్‌కు ముందు మన సంఘాల్లో క్విజ్ పోటీలు పెడుతుంటాం. నాలుగైదు సంఘాల పిల్లలు జట్లుగా వస్తారు. చాలాచోట్ల ప్రశ్నలు తయారుచేసేది సండేస్కూలు టీచరే. ఆమె సంఘం నుంచీ ఒక జట్టు ఉంటుంది. అందులో ఆమె కొడుకో, అక్క కూతురో ఉండొచ్చు. ప్రశ్నలు బయటికి పోవడానికి దొంగలే రానక్కర్లేదు. ‘రూతు గ్రంథం ఇంకోసారి చూసుకో నాన్నా’ అని ప్రేమగా అన్న ఒక్క మాట చాలు. చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ దాన్ని మోసం అనుకోరు. కానీ అలాంటి మాట చెప్పేవాళ్లెవరూ లేని చిన్న సంఘపు అమ్మాయి నాలుగు సువార్తలూ చదివి వచ్చి ఓడిపోతుంది. తానే సరిగ్గా చదవలేదనుకుని ఇంటికి వెళ్తుంది. తనకు అన్యాయం జరిగిందని ఆ పిల్లకు తెలియనైనా తెలియదు.

ఇది చిన్న విషయమా? 2022లో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు జరుగుతుంటే ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి. ఉపాధ్యాయులు సైతం అరెస్టయ్యారు. పెద్ద బాధ్యతల్లో మన నిజాయితీ ఎంతో చిన్న పనుల్లోనే తేలిపోతుందని ప్రభువు బోధించాడు (లూకా 16:10).

పేరున్న విద్యాసంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో కాలేజీ జట్ల జాతీయ క్విజ్ పోటీల్లో 2009 నుంచి 2011 వరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయం గెలిచిన నాలుగు టైటిళ్లను నిర్వాహకులు 2013లో రద్దుచేశారు. ఆ జట్టు సభ్యుడొకరు అదే సంస్థకు ప్రశ్నలు కూడా రాసేవాడు. ఆ పని కోసం ఇచ్చిన సదుపాయంతో, పోటీ ప్రశ్నల మొదటి అక్షరాలు కనిపించే పేజీలను అతను తెరిచినట్లు తేలింది. వాటిని వాడుకున్నాడనే రుజువు లేదు. అయినా తోటి సభ్యుల గెలుపు సహా అంతా పోయింది. ప్రశ్నలకు కాపలా పెట్టడమంటే మనుషులను అనుమానించడం కాదు. వాళ్ల మీద నింద పడకుండా కాపాడడం.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పోటీలో జట్టు లేని సంఘపు పెద్దల చేత ప్రశ్నలు రాయించాలి. ఏ జట్టుకు శిక్షణ ఇచ్చినవారూ వాటిని ముందుగా చూడకూడదు. ఫోన్లలో ఫొటోలు పంపుకోకూడదు. అంటించిన కవరును పిల్లలందరి ఎదుటే తెరవాలి. ఒక ఊళ్లో అడిగిన ప్రశ్నలను పక్క ఊళ్లో మళ్లీ అడగకూడదు. ఏ అనువాదం నుంచి అడుగుతారో ముందే ప్రకటించాలి. జవాబు దగ్గర పేచీ వస్తే వచనం తీసి అందరికీ చదివి వినిపించాలి. పాస్టరుగారి అబ్బాయికైనా కూలివారి అమ్మాయికైనా ఒకటే నియమం.

కవరుకు సీలు వేయగలం గానీ మనసుకు వేయలేం. అక్కడ పిల్లలే మనకు పాఠం చెబుతారు. 1983లో వాషింగ్టన్‌లో జరిగిన జాతీయ స్పెల్లింగ్ పోటీలో 13 ఏళ్ల బాలుడొకడు ఒక మాటకు అక్షరాలు తప్పు చెప్పాడు. న్యాయనిర్ణేతలు పొరపాటున విని, సరే అని ముందుకు పంపారు. తాను చెప్పింది తప్పని తెలిశాక ఆ బాలుడే వెళ్లి వాళ్లకు నిజం చెప్పాడు. పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అతని నిజాయితీని మాత్రం పత్రికలు దేశమంతా చాటాయి.

నియమం తప్పి పోటీపడినవాడికి కిరీటం లేదని పౌలు తిమోతికి రాశాడు (2 తిమోతి 2:5). మన పిల్లల చేతికి షీల్డు ఇచ్చేముందు, అది నిజంగా వాళ్లదేనా అని మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ఓడిన పిల్ల కూడా తలెత్తుకుని ఇంటికి వెళ్లగలిగిన పోటీయే దేవుని ఇంట జరగదగిన పోటీ.