బ్రహ్మహృదయం: కంటికి ఒకటి, నిజానికి రెండు!

సంక్రాంతి నెలలో ముగ్గులకి చుక్కలు లెక్కపెడతాం గానీ, నెత్తిమీది చుక్కల్ని చూసే తీరిక మనలో ఎంతమందికి ఉంటుంది చెప్పండి! ఈసారి పండగ రోజుల్లో రాత్రి 8 గంటలకి వంటింటి పని ముగించుకుని ఒక్కసారి డాబా ఎక్కండి. దాదాపు నడినెత్తిన కృత్తికలు గుంపుగా కనిపిస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అంటారే, అవే. అక్కడి నుంచి ఈశాన్యం వైపు చూపు దించితే లేత పసుపు ఛాయలో పెద్ద చుక్క ఒకటి మెరుస్తుంటుంది. అదే బ్రహ్మహృదయం. ఈ పేరు సూర్యసిద్ధాంతంలోనే ఉంది. పాశ్చాత్యులు కాపెల్లా అంటారు. లాటిన్‌లో ఆ మాటకి చిన్న మేక అని అర్థం. మన పేరే బాగుంది కదూ!

ఈ చుక్క ఒకటి కాదు, జంట. 1899లో అమెరికాలో లిక్ అబ్జర్వేటరీలో క్యాంప్‌బెల్, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో న్యూఆల్ ఎవరికివారే ఈ సంగతి కనిపెట్టారు. చుక్క వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే అందులో సన్నని గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు కొన్నాళ్ళు రెండుగా విడిపోతూ, మళ్ళీ కలిసిపోతూ ఉన్నాయట. అంటే అక్కడ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాలు రెండున్నాయన్నమాట. ఒక చుట్టు పూర్తవడానికి 104 రోజులు. రెంటి మధ్యా దూరం సుమారు 11 కోట్ల కిలోమీటర్లు. మనకీ సూర్యుడికీ ఉన్నంత ఎడం కూడా లేదు!

రెండూ పసుపుపచ్చని రాక్షస తారలే. ఒకటి సూర్యుడికి 12 రెట్లు వెడల్పు, రెండోది సుమారు 9 రెట్లు. ఒకేసారి పుట్టిన కవలలు. బరువులో తేడా బహు స్వల్పం. సూర్యుడి బరువుతో పోలిస్తే ఒకటి 2.57 రెట్లు, ఇంకోటి 2.48 రెట్లు. ఆ కాస్త తేడాకే ఎంత మార్పు వచ్చిందో చూడండి. బరువైన తారకి ఇంధనం ఎక్కువే, కానీ ఖర్చు అంతకంటే ఎక్కువ. పెద్ద మంట మీద పెట్టిన పొయ్యిలాగా! అందుకే పెద్దది తన కడుపులోని హైడ్రోజన్ ముందుగా అవగొట్టేసి, ఇప్పుడు హీలియంతో కాస్త నిలకడగా బతుకుతోంది. చిన్నది ఇప్పుడిప్పుడే హైడ్రోజన్ అయిపోయి ఉబ్బుతోంది. నక్షత్రం ఆయుష్షులో ఈ దశ త్వరగా గడిచిపోతుంది కనుక, ఇలా చూడదొరకడం అరుదు. సూర్యుడు కూడా దాదాపు 500 కోట్ల ఏళ్ళకి ఇలాగే ఉబ్బాల్సినవాడే. కంగారు పడకండి, బోలెడు టైముంది!

చిన్నది గిర్రున తిరుగుతుంది. తొమ్మిది రోజులైనా పట్టదు ఒక భ్రమణానికి. ఇలా జోరుగా తిరిగే తారల ఒంటిమీద అయస్కాంత శక్తి వల్ల మచ్చలు పుడతాయి. వాటితో ఈ జంట వెలుగు రవ్వంత హెచ్చుతగ్గులవుతుంది. అది పరికరాలకి తెలియాల్సిందే గానీ మన కంటికి తెలీదు. బైనాక్యులర్స్ పెట్టినా ఇద్దరూ విడిగా కనిపించరు.

ఈ జంట మనకి సుమారు 43 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రాత్రి మీరు చూసే వెలుగు, ఇప్పుడు 43 ఏళ్ళున్న ఆవిడ ఉయ్యాల్లో ఉన్నప్పుడు బయల్దేరిందే. సంక్రాంతికి వీలవకపోతే ఏప్రిల్ దాకా టైముంది. అప్పటికి మాత్రం రాత్రి తొలిజాములో వాయవ్యం వైపు చూడాలి.