సున్నం చేసిన తప్పేమిటి?

శాస్త్రులను, పరిసయ్యులను యేసుప్రభువు సున్నం పూసిన సమాధులతో పోల్చాడని మత్తయి సువార్త 23వ అధ్యాయంలో చదువుతాం. పైకి తెలుపు, లోపల ఎముకలు. ఆ మాట మీద మనం విన్న ప్రసంగాలకు లెక్కలేదు. దాంతో పాపం, సున్నానికే చెడ్డపేరు వచ్చింది. ప్రభువు తప్పుపట్టింది మనుషుల్ని కదా, సున్నాన్ని కాదు!

నిజానికి ఆనాటి యూదులు సమాధులకు సున్నం వేసింది అందం కోసం కాదు. సమాధిని తాకినవాడు ఏడు రోజులు అపవిత్రుడని ధర్మశాస్త్రం. పస్కా పండుగకు యెరూషలేము వచ్చే యాత్రికులు తెలియక వాటిని తాకకుండా, నెల ముందే, అదారు మాసంలో, సమాధులకు మళ్లీ గుర్తులు పెట్టేవారని మిష్నా గ్రంథం చెబుతోంది. ఆ గుర్తు సున్నమే. అంటే ఆ తెలుపు దేనినీ దాచేది కాదు, ఇక్కడ సమాధి ఉంది సుమా అని హెచ్చరించేది. మన గోదావరి జిల్లాల్లో కూడా ఈస్టరుకు ముందు సమాధులు శుభ్రం చేసి వెల్ల వేయిస్తాం. తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగిస్తాం. పెద్దల సమాధికి పనికివచ్చిన సున్నం ప్రార్థనా మందిరానికి మాత్రం నామోషీ అయిపోయింది.

పట్టిసీమ రేవుకు కొంత దూరంలో, గోదావరి గట్టున ఉన్న ఒక ఊరి మందిరం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మెత్తటి ఎర్ర ఇటుక, గానుగలో ఆడించిన సున్నం, మూరెడు మందం గోడలు. ఏటా క్రిస్మస్‌కు ముందు యువకులు కుంచెలు పట్టుకుని వెల్ల వేసేవారు. సగం సున్నం గోడకు, సగం చొక్కాలకు. కొన్నేళ్ల క్రితం జూబిలీ పండుగ వచ్చింది. బయటి దేశాల్లో ఉన్న బిడ్డలు ప్రేమతో డబ్బు పంపారు. సంఘ పెద్దలు పాత పూత చెక్కించి, సిమెంటు పూయించి, మెరిసే ప్లాస్టిక్ రంగు వేయించారు. నేనూ చందా ఇచ్చాను, చప్పట్లూ కొట్టాను.

మూడు వర్షాకాలాలు గడిచాయి. నడుము ఎత్తు వరకు రంగు బొబ్బలెక్కింది. బొబ్బ చితికితే లోపల తెల్లటి ఉప్పు. ఆ తర్వాత సిమెంటు పెచ్చులు పెచ్చులుగా, ఇటుక ముఖాన్ని కూడా ఊడబెరుక్కుని రాలడం మొదలుపెట్టింది. కట్టడం ముసలిదైపోయింది, పడగొట్టి శ్లాబు వేద్దాం అన్నారు పెద్దలు. పాత మేస్త్రి ఒకాయన వచ్చి ఇటుకను బొటనవేలితో నొక్కి చూసి, "గోడ బాగానే ఉందండీ. చెమట పట్టే ఒంటికి రబ్బరు కోటు తొడిగారు మీరు" అన్నాడు.

ఆయన మాటలో శాస్త్రం ఉంది. మన పాత గోడల పునాదిలో తేమను అడ్డుకునే పొర ఉండదు. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు నేలలోని చెమ్మ ఇటుకలోకి ఎక్కుతుంది. సున్నపు పూతలో సన్నని రంధ్రాలు ఉంటాయి గనుక ఆ చెమ్మ గాలిలోకి పోతుంది. సిమెంటు, ప్లాస్టిక్ రంగు దాన్ని చాలావరకు బయటికి పోనివ్వవు. దారి లేని నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు పూత వెనుక గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. పైగా సిమెంటు ఇటుక కంటే గట్టిది. గోడ కాస్త కదిలితే విరిగేది ఇటుకే. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ వరద చూసిన ఒడ్డు ఇది. నీట నానిన గోడ ఆరడానికి నెలలు పడుతుంది.

సున్నం బలహీనం అనేవారు ధవళేశ్వరం వెళ్లిరావాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట రాయీ సున్నమూ కలిసిన కట్టడమే. అప్పటికి మన దేశంలో సిమెంటు తయారీయే లేదు.

సున్నపురాయిని గానీ గుల్లల్ని గానీ సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి గోడకు పూస్తే, గాలిలోని అదే వాయువును మళ్లీ పీల్చుకుని నెమ్మదిగా రాయిగా మారుతుంది. అందుకే వేసిన రోజు మసకగా కనిపించిన వెల్ల ఆరేకొద్దీ తెల్లబడుతుంది. దాని ఘాటుకు బూజు కూడా తొందరగా పట్టదు.

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పట్టిన కుష్ఠు సంగతి ఉంది. పచ్చగానో ఎర్రగానో చారలు కనిపిస్తే యాజకుడు వెంటనే పూత పూయమనడు. ఇల్లు ఖాళీ చేయించి, చూసి, ఏడు రోజులు మూసి ఉంచుతాడు. అప్పటికీ వ్యాపిస్తే చెడిన రాళ్లు తీయించి, గోడ గీకించి, ఆ తర్వాతే కొత్త అడుసు పూయిస్తాడు. మన మేస్త్రి చెప్పిన వరుసా దాదాపు ఇదే. ముందు చూరునీరు గోడ మీద పడకుండా చేయాలి. గోడలో మొలిచిన రావిమొక్కను వేళ్లతో తీయాలి. సిమెంటును చిన్న ఉలితో, ఓపిగ్గా తీయాలి. ఇటుకను పట్టుకుని రానంటే అక్కడ వదిలేయాలి. చెడిన చోట సున్నంతోనే పూడ్చాలి. ప్లాస్టిక్ రంగు మీద వెల్ల నిలవదు, దాన్నీ గీకాలి.

ఇక వెల్ల సంగతి. నీళ్లలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు పోయకూడదు. అది కుతకుత ఉడికి ఎగజిమ్ముతుంది, కళ్లు పోతాయి. పిల్లల్ని దగ్గరికి రానీయవద్దు. బాగా నానాక గుడ్డతో వడకట్టి, పాలలా పలచన చేసి, కాస్త తుమ్మబంక కలుపుకోవచ్చు. గోడను ముందు తడపాలి. ఎండ తగ్గాక, పలచగా, మూడు పూతలు. చిక్కగా ఒకేసారి పూస్తే పెచ్చులు కడుతుంది. చేతికి అంటుకుంటుంది, ఏటా వేయాలి అన్నవి దీనిమీద ఉన్న ఫిర్యాదులు. రెండూ నిజమే. అయితే ఏటా వేసేవాడు ఏటా గోడను దగ్గరినుంచి చూస్తాడు. పగులు చిన్నగా ఉన్నప్పుడే కనబడుతుంది.

ఆ ఊళ్లో పడగొట్టే తీర్మానం ఇంకా రద్దు కాలేదు, వాయిదా పడింది. ఉత్తరపు గోడ ఒక్కటి మేస్త్రికి అప్పగించారు. సిమెంటు తీసేశాడు, గోడను ఆరనిచ్చాడు. మందిరం వెనుక రెండు పీపాల్లో సున్నం నానుతోంది. వానలు వెలిశాక ఆ గోడను చూసి నిర్ణయిస్తామని పెద్దలు చెప్పారు.