ఆటలాడే పిల్లల ఎముకలు జాగ్రత్త!

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్య పతకం గెలిచారు. బరువును బట్టి విభాగాలుండే ఇలాంటి ఆటల్లో, పోటీకి ముందు బరువు తగ్గాలని కొందరు పిల్లలు తిండి మానేస్తుంటారు. ఇది ప్రమాదకరం.

ఎందుకంటే, ఎముకల బలంలో అధిక భాగం 18 ఏళ్ళలోపే సమకూరుతుంది. ఆటకు ఖర్చయ్యేంత శక్తి తిండిలో అందకపోతే హార్మోన్లు తగ్గుతాయి. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు. ఎముకలు బలహీనపడి సన్నని పగుళ్ళు వస్తాయి. మగపిల్లలకూ ఈ ముప్పు ఉంది.

కాంటాలో బరువు ఒక్కటే చూసి మురిసిపోకండి. తగ్గింది కొవ్వో, కండో కాంటా చెప్పదు.

ఏం పెట్టాలి? ముందు కడుపునిండా అన్నం, పప్పు, గుడ్డు. ఈ వయసులో రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో సుమారు 240, వంద గ్రాముల చోళ్ళలో (రాగుల్లో) సుమారు 350 ఉంటుంది. ముల్లుతో సహా తినే మెత్తళ్ళు కూడా మంచివే.

వరుసగా 3 నెలలు నెలసరి రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకపోయినా, కాలి ఎముకలో ఒకేచోట నొప్పి వదలకపోయినా “ఆటల్లో మామూలే” అనుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.